హాలు పోయింది, సెంటరు పేరు మిగిలింది

ప్రశ్న: మాది గుంటూరు. నాజ్ సెంటర్ మీదుగా వెళ్తుంటే మా అబ్బాయి "నాజ్ అంటే ఏంటి నాన్నా?" అని అడిగాడు. సినిమా హాలు పేరురా అంటే నమ్మలేదు. ఇలాంటివి వేరే ఊళ్లలో కూడా ఉన్నాయా? అసలు ఆంధ్రలో మొదటి హాలు ఎక్కడ కట్టారు?

జవాబు: బోలెడు ఉన్నాయండీ. విశాఖలో జగదాంబ జంక్షన్, బెజవాడలో అలంకార్ సెంటర్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్, నెల్లూరులో నర్తకి సెంటర్, అన్నీ హాళ్ల పేర్లే. సికింద్రాబాద్ ప్యారడైజ్ సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. ఇప్పుడు ఆ పేరు వింటే అందరికీ బిర్యానీయే గుర్తొస్తుంది గానీ, ఆ హోటల్ 1953లో ప్యారడైజ్ టాకీస్‌లో చిన్న క్యాంటీన్‌గా మొదలైంది. హాలు పోయింది, క్యాంటీన్ మిగిలింది.

ఇక మొదటి హాలు అంటే విజయవాడలోని మారుతీ. మూకీల రోజుల్లో, 1921లో, పోతిన శ్రీనివాసరావు గారు కట్టించారు. అంతకన్నా ముందే మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు మద్రాసులో గెయిటీ హాలు కట్టారు, ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్ కూడా ఆయన కట్టినవే. హాలు కట్టకముందు ఆయన యంత్రాలు వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, బర్మా, సిలోన్ దాకా వెళ్లి బొమ్మలు చూపించారు. మన టూరింగ్ టాకీసుల కథ చెప్పాలంటే నేను ఆయన దగ్గరే మొదలుపెడతాను.

ప్రశ్న: మా ఊళ్లో రెండు హాళ్లు ఉంటే రెండూ మూసేశారు. అందరూ ఓటీటీ వల్లే అంటున్నారు, నిజమేనా?

జవాబు: ఓటీటీ ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. పెద్ద సినిమా వచ్చిన వారం నిండుతుంది, మిగతా వారాలు కరెంటు బిల్లుకు కూడా రాదు. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్‌లను పది రోజుల పాటు మూసేశారంటే ఆడించడానికి సరైన బొమ్మ లేకే. ఆంధ్రలో 2021లో వచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లోని ఏసీ లేని హాల్లో టికెట్ 5, 10, 15 రూపాయలు. ఆ రేట్లతో నడపలేమని ఆ డిసెంబర్‌లో చాలా మంది తాళాలు వేసుకున్నారు. 2022 మార్చిలో రేట్లు సవరించారు గానీ, వేసిన తాళం మళ్లీ తీయడం అంత తేలిక కాదు. వీటన్నిటికీ తోడు ఊరి నడిబొడ్డున ఉన్న స్థలం ధర ఒకటి. అద్దెకు షాపులు కట్టుకుంటే వచ్చేది సినిమాతో ఎలా వస్తుంది?

అన్నీ గోడౌన్లే అవుతున్నాయని కాదు. కాచిగూడ తారకరామను బాగుచేసి 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. అమీర్‌పేటలో సత్యం థియేటర్ పడగొట్టిన చోటే 2023 జూన్‌లో ట్రిపుల్ ఏ మల్టీప్లెక్స్ వచ్చింది. తెర ఉంది, నేల టికెట్ మాత్రం లేదు. నాకు బాధ అక్కడే.

ప్రశ్న: మా తాతగారు ఒకప్పుడు హాలు నడిపేవారట, కానీ ఊళ్లో అది వేరే వాళ్ల హాలు అంటారు. ఇంట్లో ఒక్క కాగితం కూడా లేదు. అప్పటి ఆపరేటర్ గారు మాత్రం ఉన్నారు, 80 దాటాయి. హాలు ఎన్ని చేతులు మారిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ తాతగారి మాటా నిజమే అయ్యుండొచ్చు, ఊరి మాటా నిజమే అయ్యుండొచ్చు. స్థలం ఒకరిది, సినిమా ఆడించడానికి ఇచ్చే బి ఫారం లైసెన్సు ఇంకొకరి పేరున, లీజుకు తీసుకుని రోజూ గేటు దగ్గర నిలబడేది మూడో మనిషి, ఇలా మన ఊళ్లలో చాలా హాళ్లు నడిచాయి. కాబట్టి అమ్మకం వేరు, లీజు మారడం వేరు, ఈ రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

స్థలం సంగతికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకే వెళ్లి అడగాలి. లైసెన్సు ఫైలు జిల్లాల్లో రెవెన్యూ అధికారుల దగ్గర, హైదరాబాద్ నగరంలో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసులో ఉండాలి, సమాచార హక్కు కింద అడగొచ్చు. లైబ్రరీలో పాత పేపర్లు దొరికితే సినిమా వంద రోజులు ఆడిందని వేసే ప్రకటనలు చూడండి. ఏ ఊరు, ఏ హాలు అని వరుసగా వేసేవారు, హాలు పేరు ఏ ఏడాది మారిందో వాటిలో పట్టుకోవచ్చు. నోటి లీజులు మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకవు.

అందుకే ఇవన్నీ తర్వాత, ముందు ఈ వారమే ఆ ఆపరేటర్ గారి దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, జీతం ఎవరి చేతి మీదుగా తీసుకున్నారో అడగండి. ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీలు ఎవరు తెప్పించేవారు, డీసీఆర్ (రోజు వారీ కలెక్షన్ లెక్క) మీద సంతకం ఎవరిది, రెండో ఆట అయ్యాక డబ్బు ఎవరు లెక్కపెట్టేవారు, ఇవి అడిగితే మీ తాతగారి పేరు ఆయనే చెబుతారు.