ర్యాప్ రాసేవాళ్లు అమెరికన్ ర్యాపర్ రకీం దగ్గర ఏం నేర్చుకోవచ్చు? తెలుగులో అది కుదురుతుందా?

కుదురుతుంది. పద్యంలో మాత్రలు (అక్షరం పలకడానికి పట్టే కాలం) లెక్కబెట్టే అలవాటున్న భాష కాబట్టి కొన్నిచోట్ల మనకే తేలిక.

ముందు మనిషి సంగతి. అసలు పేరు విలియం మైకేల్ గ్రిఫిన్, పుట్టింది 1968లో. న్యూయార్క్ పక్కనే లాంగ్ ఐలాండ్‌లోని వయాన్‌డాంచ్‌లో పెరిగాడు. చిన్నప్పుడు సాక్సోఫోన్ వాయించేవాడు, జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ అంటే ప్రాణం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. 1986లో డీజే ఎరిక్ బి.తో కలిసి మొదటి రికార్డు తెచ్చాడు. అందులో ఒకవైపు ‘ఎరిక్ బి. ఈజ్ ప్రెసిడెంట్’, రెండోవైపు ‘మై మెలడీ’. అప్పటికి ర్యాప్ అంటే ఎక్కువగా గొంతెత్తి అరవడం, ప్రతి లైను చివరా ప్రాస కొట్టడం. రకీం గొంతు పెంచలేదు. రికార్డింగ్‌లో తీరిగ్గా కూర్చుని చెబుతుంటే ఊపు లేదేమని అక్కడున్నవాళ్లే అనుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బమ్‌తో ఆ నింపాది పద్ధతే అందరికీ పాఠమైంది.

లోపలి ప్రాసలు (లైను చివర కాక మధ్యలో పడేవి) అతనే కనిపెట్టాడనడం మాత్రం సరికాదు. మెలీ మెల్, కూల్ మో డీ, గ్రాండ్‌మాస్టర్ కాజ్ అప్పటికే గట్టి రాతగాళ్లు. రకీం చేసిందల్లా వాక్యాన్ని బార్ (నాలుగు దెబ్బల తాళపు ముక్క) చివర ఆపకుండా, సాక్సోఫోన్ పలుకులా తర్వాతి బార్‌లోకి లాక్కెళ్లడం, ప్రాసను ఎక్కడ పడితే అక్కడ దింపడం. నాకు అతని అసలు గొప్పతనం ఇక్కడే కనబడుతుంది.

రాయడానికి కూర్చుంటే ముందు కాగితం మీద 16 చుక్కలు పెట్టుకుంటానని అతనే చెప్పాడు, బార్‌కి ఒకటి. ఇక మాట పట్టనంతగా ఆ జాగాని నింపడం అతని పని. మనం ఇంకో మెట్టు దిగి ఒక్కో బార్‌నీ 16 గడులుగా గీసుకోవాలి. 4 దెబ్బలు, దెబ్బకి 4 గడులు. లఘువుకి ఒక గడి, గురువుకి రెండు. నిమిషానికి 90 దెబ్బల బీట్ మీద ఒక బార్ సుమారు 2.7 సెకన్లు. ఇదిగో, రెండు బార్లు:

గల్లీ చివర బల్లపై చిల్లర
చాలదు, చెల్లని నోటొకటున్నది

రెండూ సరిగ్గా 16 మాత్రలే. దెబ్బలు పడేది 1, 5, 9, 13 గడుల్లో. ‘బల్ల’ 8వ గడిలో, అంటే దెబ్బకు ఒక గడి ముందే మొదలవుతుంది. చెవికి ఆ తోపుడు తెలుస్తుంది. రెండో బార్‌లో అన్నీ నాలుగు మాత్రల ముక్కలే, నిలకడగా దెబ్బల మీదే కూర్చుంటాయి. ‘చిల్లర చాలదు’ అనే మాట బార్ గీత దాటింది. ‘ల్ల’ నాలుగుసార్లు మోగింది, లైను చివర ప్రాస మాత్రం లేదు. రెండు బార్లూ నిండిపోయాయి కాబట్టి మూడోదాని మొదట్లో 2, 3 గడులు ఊపిరికి వదలాలి. వదలకపోతే నాలుగో బార్‌కి గొంతు పట్టేస్తుంది.

తెలుగులో ఎక్కువమంది చెడేది ఒకచోట. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి ‘వచ్చాను, చూశాను, నిలిచాను’ అని ప్రాస ఊరికే వచ్చేస్తుంది. అది ప్రాస కాదండీ, ప్రత్యయం. నాలుగు లైన్లయ్యేసరికి వినేవాడికి తర్వాతి మాట ముందే తెలిసిపోతుంది. క్రియను తర్వాతి బార్ మొదటికి నెట్టండి, ప్రాసను నామవాచకాల్లో వెతకండి. రెండో తప్పు, గడి నింపడానికి లఘువుని సాగదీయడం. ‘చివర’ని ‘చివారా’ అంటే అది వేరే మాటైపోతుంది. జాగా మిగిలితే మౌనంగా వదిలేయండి, బీట్ ఉంది కదా.

గొంతు తగ్గించి చెప్పేటప్పుడు మైక్‌కి జానెడు దూరంలో ఉండండి. ఇంకా దూరమైతే గది మోత ఎక్కి హల్లులు మసకబారతాయి, నెమ్మది గొంతులో అవే ప్రాణం.

వినాలంటే ముందు ‘పెయిడ్ ఇన్ ఫుల్’ పాట. అందులో ఉన్నది ఒకే ఒక్క వర్స్ (చరణం), గడులు గీసి రాసుకోవడానికి అనువు. ఆ తర్వాత 1988 నాటి ‘ఫాలో ద లీడర్’, అక్కడ వాక్యాలు ఇంకా పొడుగు. 2000 ప్రాంతంలో ర్యాప్ నిర్మాత డాక్టర్ డ్రే రికార్డు కంపెనీలో చేరినా ఆల్బమ్ రాకుండానే 2003లో బయటికొచ్చేశాడు. ఆ నష్టం తలచుకుంటే ఇప్పటికీ బాధే. అయినా 2004లో ర్యాపర్ నాస్ ఇతని జీవితం మీదే ఒక పాట కట్టాడు. దాన్ని చివర వినండి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అతని వాక్యాలు గీత దాటే తీరులోనే దొరుకుతుంది.