పాటల ముచ్చట్లు: మీరడిగారు, నేను చెబుతున్నా

ప్రశ్న: ఈ నాలుగైదేళ్లలో వచ్చిన తెలుగు సినిమా ఆల్బమ్స్‌లో మీకు బాగా నచ్చినవి చెప్పండి. ఒక్క హిట్ పాట ఉన్నవి కాదు, అన్ని పాటలూ వినదగ్గవి కావాలి.
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు 'సీతారామం' (2022). ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. విశాల్ చంద్రశేఖర్ బాణీల్లో తొందర ఉండదు, గాయకుడు మాట పూర్తిగా పలికాకే వాద్యం ముందుకొస్తుంది. 'ఇంతందం' ఎస్పీ చరణ్ పాడారు, 'ఓ సీతా హే రామా' ఆయనా రమ్య బెహరా కలిసి పాడారు. వాళ్ల నాన్న బాలు గారు 2020 సెప్టెంబరులో వెళ్లిపోయాక ఆ గొంతు ఛాయ మళ్లీ తెలుగు పాటలో వినపడేసరికి నాకైతే కళ్లు చెమర్చాయి. అయినా నా ఓటు 'కానున్న కళ్యాణం' పాటకే. అది రాసిన సిరివెన్నెల గారు 2021 నవంబరు 30న పోయారు, ఆ సినిమా వచ్చిందేమో మరుసటి ఏడాది ఆగస్టులో. పాటంతా ఒకరు అడగడం, ఇంకొకరు జవాబివ్వడం, ఆ జవాబులు కూడా రెండేసి మాటలే. వింటుంటే ఎవరైనా రాసేయొచ్చు అనిపిస్తుంది, అలా రాయడం ఎంత కష్టమో కలం పట్టిన వాళ్లనడగండి.

ఆయనవే ఇంకో రెండు పాటలు 'శ్యామ్ సింగరాయ్'లో ఉన్నాయి. మిక్కీ జె మేయర్ సంగీతం. 'సిరివెన్నెల' అనే పాట అందరికీ తెలుసు, 'ప్రణవాలయ' మాత్రం ఇంకా ఎక్కువ మంది వినాలి. రెండూ పాడింది అనురాగ్ కులకర్ణే. ఈ తరం గాయకుల్లో తెలుగు అక్షరాన్ని ఇంత శుభ్రంగా పలికే గొంతు నాకు ఇంకోటి కనపడలేదు, ఒత్తులు కూడా ఎక్కడా జారవు.

మూడోది 'హాయ్ నాన్న' (2023). హేషమ్ అబ్దుల్ వహాబ్ మలయాళీ, 'హృదయం' సినిమాకి ఏకంగా 15 పాటలు చేసి పేరు తెచ్చుకున్న మనిషి. అనంత శ్రీరామ్ రాసిన 'సమయమా' వింటే మన భాష రాని సంగీత దర్శకుడు చేశాడని ఎవరూ అనుకోరు. 'బేబీ' సినిమా పాటలు కూడా వినండి, ముఖ్యంగా 'ప్రేమిస్తున్నా'. ఆ పాటకి పీవీఎన్ఎస్ రోహిత్‌కి ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు వచ్చింది.

ప్రశ్న: 'బలగం' పాటలు గొప్పగా ఉన్నాయని అందరూ అంటారు. మాది కృష్ణా జిల్లా, ఆ తెలంగాణ యాస కొన్నిచోట్ల నాకు అందట్లేదు. అయినా వినమంటారా?
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: తప్పకుండా వినండి సార్. కాసర్ల శ్యామ్ 'ఊరు పల్లెటూరు'లో రాసింది తెలంగాణ పల్లె గురించే, కానీ వరసలు కలుపుకుని పిలుచుకోవడం, పొద్దున్నే ఊరు నిద్రలేవడం మన దివిసీమలో మాత్రం లేవా? ఒకటి రెండు మాటలు అందకపోతే పాట ఏం ఆగిపోదు, మూడోసారి వినేసరికి అవే నోటికొస్తాయి. ఈ పాటకి ఆయన జాతీయ అవార్డు అందుకుంటే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. సంగీత దర్శకుడు భీమ్స్ కూడా ఎక్కడా హంగు చేయలేదు. సినిమా చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట ఉంది చూడండి, అది ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పెట్టుకోండి. స్టూడియోలో గొంతు సానబెట్టుకున్న వాళ్లు కాదు, తరతరాలుగా ఊళ్లు తిరిగి కథ చెప్పే కుటుంబం. మొగిలయ్య 2024లో పోయారు. అలాంటి గొంతుల్ని సినిమాల్లో ఇంకా ముందే వినిపించి ఉండాల్సింది.

ప్రశ్న: ఆకాశవాణి విజయవాడ కేంద్రం లలిత సంగీతం వింటూ పెరిగినవాణ్ణి. ఇప్పటి పాటల్లో మోత తప్ప మాట వినపడదు. కాదంటారా?
– ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, మీరన్నది కొంత నిజం. 1948లో మొదలైన ఆ కేంద్రంలో బాలమురళి గారి లాంటి వాళ్లు పనిచేశారు, ఆ పాటలతో పెరిగిన చెవికి ఇప్పటివి చాలా గందరగోళంగానే ఉంటాయి. డ్రమ్స్ అంత పైకి పెట్టి గొంతుని కింద పడేస్తే కవి ఎందుకు రాసినట్టు? నాకూ కోపం వస్తుంది, ముఖ్యంగా మంచి సాహిత్యం అలా మునిగిపోయినప్పుడు. కానీ అన్నీ అలా లేవు. పైన చెప్పిన 'కానున్న కళ్యాణం' ఓసారి వినండి, కారులో అయితే బేస్ బాగా తగ్గించి పెట్టమనండి. మాట ఒక్కటి కూడా పోదు. మీకు నచ్చుతుందని నా నమ్మకం, నచ్చకపోతే ఎందుకో రాయండి, ఇక్కడే వేస్తాను.

ప్రశ్న: దసరాకి మా అపార్ట్‌మెంట్‌లో పాటల ప్రోగ్రాం. ఈమధ్య పాటల్లో ఆడపిల్ల ఒక్కతే పాడగలిగేది చెప్పండి, టెన్షన్‌గా ఉంది.
– ఓ డిగ్రీ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: 'లవ్ స్టోరీ'లో మంగ్లీ పాడిన 'సారంగ దరియా' తీసుకోమ్మా. జానపదం వరస కాబట్టి జనం చప్పట్లతో కలుస్తారు, ట్రాక్ ఆగిపోయినా నువ్వు ఆగక్కర్లేదు. మంగ్లీ శృతికే పాడాలని పట్టుపట్టకు, నీ గొంతుకి హాయిగా ఉన్నచోట మొదలుపెట్టు. సుద్దాల అశోక్ తేజ గారు రాసిన చరణాలు పేపర్ చూడకుండా వచ్చేలా నేర్చుకో, అప్పుడు టెన్షన్ సగం పోతుంది.