‘రైల్ వ్యూ’ గదికి డబ్బు తీసుకుని వెనక బ్లాకులో పడుకోబెట్టారు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. గుంతకల్లులో ఉంటున్నాం. మా పెళ్లిరోజుకని మా అబ్బాయి బెంగళూరు నుంచి ఒక బుకింగ్ యాప్‌లో నీలగిరుల్లో రైలు పట్టాల పక్కనే ఉన్న పాతకాలపు హోటల్లో రెండు రాత్రులకు గది తీశాడు. ‘హెరిటేజ్ రూమ్, రైల్ వ్యూ’ అని రోజుకు 6,800 రూపాయలు, పైన జీఎస్టీ. నిరుడు నవంబరులో వెళ్లాం. రాత్రి ఎనిమిది గంటలకు చేరితే ఆ గదులు ఖాళీ లేవని వెనక కొత్తగా కట్టిన బ్లాకులో ఇచ్చారు. కిటికీ తెరిస్తే నీళ్ల ట్యాంకు, జనరేటర్ షెడ్డు. పైగా కొండచరియలు పడి మెట్టుపాళయం నుంచి వచ్చే రైలు ఆ రెండు రోజులూ రద్దు. డబ్బు వాపసు అడిగితే ‘రెండు రోజులు ఉండి, తిని, ఇప్పుడు అడుగుతారేంటి’ అన్నాడు మేనేజరు. గేటు దగ్గర ‘యునెస్కో హెరిటేజ్ హోటల్’ అని బోర్డు కూడా ఉంది. హోటల్ మీదా, రైల్వే మీదా కేసు వేయొచ్చా? వేస్తే ఊటీ దాకా తిరగాలా? బిల్లు, బుకింగ్ మెయిల్, ఫోటోలు పంపుతున్నాను.
– రిటైర్డ్ గార్డు, గుంతకల్లు

జవాబు: పట్టాల పక్క లాడ్జిలో గూడ్సు బండ్ల మోతకు కంటి మీద కునుకు లేదని రాసేవాళ్లే నాకు ఎక్కువ. రైలు చప్పుడే వినబడలేదని ఫిర్యాదు చేసింది మీరొక్కరే. గుంతకల్లు జంక్షన్లో బతుకంతా రైళ్ల మధ్య గడిపి, మళ్లీ రైలు చూడటానికే అంత దూరం పోయారంటే మీకు ఎంత ఉసూరుమనిపించి ఉంటుందో ఊహించగలను. మీరు పంపిన కాగితాలు చూశాను. కేసు ఉంది. అయితే మీరు అనుకున్నంత పెద్దది కాదు.

ముందు రైల్వేను వదిలేయండి. మీకు తెలియనిది కాదు, నీలగిరి మౌంటెన్ రైల్వే 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను. కల్లార్ దాటాక బండి పళ్ల పట్టా పట్టుకుని కొండెక్కుతుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే సరిగ్గా మీరు వెళ్లిన నెలల్లో, కల్లార్–కూనూరు మధ్య మట్టి, బండలు పట్టాల మీద పడటం, సర్వీసు ఆపడం తరచూ జరిగేదే. ప్రయాణికుల క్షేమం కోసం బండి రద్దు చేస్తే అది సేవా లోపం కిందికి రాదు. ఆ రైలుకు ఆన్‌లైన్‌లో టికెట్ తీసి ఉంటే రద్దయినప్పుడు డబ్బు దానంతటదే ఖాతాలో పడాలి. పడకపోతే అది వేరే చిన్న ఫిర్యాదు. అంతకు మించి రైల్వేను ఈ కేసులోకి లాగితే అసలు విషయం పలచబడుతుంది, వాయిదాలు పెరుగుతాయి. కొండచరియలకు హోటల్ వాళ్లనూ అనలేం.

హోటల్ తప్పు గది దగ్గర ఉంది. దాన్నే పట్టుకోండి.

మీ బుకింగ్ మెయిల్లో ‘హెరిటేజ్ రూమ్, రైల్ వ్యూ’ అని ఉంది. హోటల్ చేతికిచ్చిన బిల్లులో గది రకం దగ్గర ‘డీలక్స్, ఎన్.బి.’ అని అచ్చయి ఉంది. ఎన్.బి. అంటే న్యూ బ్లాక్ అని రిసెప్షన్లో వాళ్లే చెప్పారని రాశారు. కానీ ధర మాత్రం 6,800 చొప్పునే వేశారు. ఆ ఒక్క లైను మీకు పది మంది సాక్షుల పెట్టు. ఇచ్చింది వేరే గది అని హోటలే రాసిచ్చినట్టయింది. మీ లెక్కలో చెప్పాలంటే, ఏసీ టూ టైర్ టికెట్ ఉన్నవాణ్ణి త్రీ టైర్లో పడుకోబెడితే టీటీఈ సర్టిఫికెట్ ఇస్తాడు, రైల్వే తేడా వాపసు చేస్తుంది. హోటల్ ఆ తేడా తన దగ్గరే పెట్టుకుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 2(11) సెక్షన్ ప్రకారం ఇస్తానన్న సేవలో తక్కువ చేయడం సేవా లోపం. లేని సౌకర్యం ఉందని నమ్మించి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి కూడా. యాప్‌లో అమ్మారు కాబట్టి 2020 ఈ-కామర్స్ నిబంధనలూ వర్తిస్తాయి. ప్రకటనలో చూపించింది, నిజంగా ఇచ్చేది ఒకటే అయి ఉండాలని అందులో అమ్మకందారుకు స్పష్టంగా చెప్పారు. యాప్ కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ అబ్బాయి యాప్‌లో ఇంతవరకు ఫిర్యాదు పెట్టకపోతే ఈ రోజే పెట్టమనండి. వాళ్లు ఇచ్చే జవాబు, ఇవ్వకపోతే ఆ మౌనం, రెండూ పనికొస్తాయి.

‘ఉండి, తిని వెళ్లారుగా’ అన్న మేనేజరు మాటకు భయపడకండి. రాత్రి ఎనిమిదింటికి, కొండ మీద, ఆ వయసులో భార్యను వెంటబెట్టుకుని ఇంకో హోటల్ వెతుక్కుంటూ ఎవరూ పోరు. గత్యంతరం లేక ఉండటం వేరు, ఒప్పుకుని ఉండటం వేరు. అందులోనూ రెండో రోజు పొద్దున అమ్మగారు సలహాల పుస్తకంలో ‘మేము బుక్ చేసిన గది ఇవ్వలేదు’ అని తెలుగులో రాసి, ఆ పేజీ ఫోటో తీశారు చూడండి, అది మంచి పని. రాసింది తెలుగులోనైనా అది రాతపూర్వక అభ్యంతరమే. ఇంగ్లిష్ అనువాదం ఒకటి జత చేస్తే సరిపోతుంది.

హోటల్ వకీలు ముందుగా ఎత్తే వాదం ‘గదుల లభ్యతను బట్టి’ అన్న షరతు. బుకింగ్ మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో అది ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫలానా నంబరు గదే కావాలని మీరు పట్టుబట్టి ఉంటే ఆ షరతు వాళ్లకు పనికొచ్చేది. కానీ ఒక తరగతి గదికి డబ్బు తీసుకుని తక్కువ తరగతి ఇచ్చి, తేడా ఉంచేసుకోవడానికి అది లైసెన్సు కాదు. గదులు నిండాయన్నది నిజమే అనుకున్నా, మీకు ముందుగా అమ్మిన గదిని ఇంకొకరికి ఎలా ఇచ్చారో చెప్పాల్సింది వాళ్లే.

ఇక బోర్డు సంగతి. ఇది మీరు చివర్లో ఒక్క మాటలో అడిగి వదిలేశారు గానీ, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది నీలగిరి మౌంటెన్ రైల్వేను. దానికి ముందే 1999లో డార్జిలింగ్ రైలు చేరింది, 2008లో కాల్కా–సిమ్లా చేరింది. జాబితాలో ఉన్నది రైలు మార్గం. దాని పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లందరికీ ఆ గౌరవం రాదు. హోటల్ తన పేరు పక్కన యునెస్కో అని రాసుకుందంటే అది ఎరువు సొమ్ముతో గొప్పలు పోవడమే. ‘హెరిటేజ్ హోటల్’ అన్న మాటకు కూడా కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణలో ఒక అర్థం ఉంది. భవనం 1950కి ముందుది కావాలి, నేల విస్తీర్ణంలో కనీసం సగం ఆ పాత కట్టడమే కావాలి, ముందు భాగం రూపు పెద్దగా మారకూడదు. ఆ పై తరగతులకు 1935కి ముందు కట్టినదై ఉండాలి. ఆ వర్గీకరణ తీసుకోవడం తప్పనిసరి కాదు. కాబట్టి సర్టిఫికెట్ లేనంత మాత్రాన పాత హోటల్ తనను పాత హోటల్ అనుకోవడం నేరం కాదు. కానీ మీరు పడుకున్న బ్లాకు మొన్నమొన్న కట్టిందని గోడ మీది శంకుస్థాపన పలక చెబుతోంది. మీ ఫోటోలో తేదీ చదవగలిగేలా ఉంది. ఆ బ్లాకులో గదికి హెరిటేజ్ ధర వేశారన్నది ఫిర్యాదులో రెండు వాక్యాల్లో రాయండి. యునెస్కో బోర్డు మీద విడిగా 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్ ద్వారా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దృష్టికి తీసుకెళ్లొచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం దానికి ఉంది. ఆ జరిమానా మీ జేబులోకి రాదు, అది గుర్తుంచుకోండి.

ఊటీకి తిరగనక్కర్లేదు. పాత చట్టంలో ఆ ఇబ్బంది ఉండేది. కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకోవచ్చు. గుంతకల్లు వాళ్లకు అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్. వివాదాలకు ఫలానా ఊరి కోర్టే అని హోటల్ షరతుల్లో రాసుకున్నా, చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటును దాంతో తీసేయడం కష్టం. డబ్బు కట్టింది మీ అబ్బాయి కదా, ఫిర్యాదు మీరెలా వేస్తారని అడగొచ్చు. డబ్బు కట్టినవాడి సమ్మతితో సేవ పొందినవాళ్లూ వినియోగదారులే అని 2(7) సెక్షన్లోనే ఉంది. మీరు, అమ్మగారు ఫిర్యాదుదారులుగా ఉండండి. అబ్బాయి చేత చెల్లింపు గురించి ఒక అఫిడవిట్, బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించండి. హోటల్, యాప్ కంపెనీ ఎదుటి పార్టీలు.

ఎంత అడగాలి? మీరు 5 లక్షలు రాశారు. వద్దు. అంకె పెద్దదైతే కమిషన్‌కు మీ మీద గురి తగ్గుతుంది. అదే యాప్‌లో కొత్త బ్లాకు గది 4,200 ఉందని స్క్రీన్‌షాట్ పంపారు. రోజుకు తేడా 2,600, రెండు రాత్రులకు 5,200, దాని మీద 5 శాతం జీఎస్టీ 260, మొత్తం 5,460. భోజనం బిల్లులో 2,400 మీద 10 శాతం సర్వీస్ చార్జి అని 240 వేశారు. అడక్కుండా సర్వీస్ చార్జి వేయకూడదని 2022 జులై 4న మార్గదర్శకాలు వచ్చాయి, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. ఆ 240 కూడా కలపండి. మానసిక వేదనకు, ఖర్చులకు కలిపి ఓ పాతిక వేలు అడగండి. అంతా ఇస్తారని కాదు, అడిగినదానికి కాళ్లు ఉండాలి.

వేసే ముందు హోటల్‌కు, యాప్‌కు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో ఒక నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. చట్టం తప్పనిసరి అనలేదు. కానీ ఇంత చిన్న మొత్తాలకు సగం గొడవలు అక్కడే తెగిపోతాయి. అనంతపురంలో కేసంటే హోటల్ వాళ్లు వకీలును పెట్టుకుని రావాలి, ఆ ఖర్చు మీకివ్వాల్సిన డబ్బు కన్నా ఎక్కువవుతుందని వాళ్లకూ తెలుసు. దారికి రాకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఎదుటి పార్టీకి జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ తర్వాత వచ్చిన జవాబు తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మూడు నెలల్లో తీర్పు అని చట్టంలో ఉంది గానీ, కాగితం మీది మూడు నెలలు ఎంత సాగుతాయో మీ టైంటేబుల్ అనుభవంతో అర్థం చేసుకోండి. ఈ కేసుకు నన్ను గానీ ఇంకో వకీలును గానీ పెట్టుకోకండి. ఫీజు ముందు 5,460 ఏపాటిది? మీరే వాదించుకోవచ్చు, వీడియోలో విచారణ కావాలని దరఖాస్తూ పెట్టొచ్చు. కాలపరిమితి రెండేళ్లు.

మీరు పంపిన ఫోటోల్లో ఒకటి మాత్రం ఫిర్యాదుకు జత చేయకండి. హోటల్ కుర్రాడు దారి చూపించాడని అమ్మగారూ మీరూ పట్టాల మధ్య నిలబడి తీయించుకున్నది. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం నేరమనే రైల్వే చట్టం 147వ సెక్షన్ మీకు నేను చెప్పాలా?