గెస్టాల్ట్ శిక్షణ కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. సైకాలజీలో ఎమ్మెస్సీ చేసి, శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో విద్యార్థుల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చేతికి 34,000 రూపాయలు వస్తుంది. మావారు ప్రభుత్వ ఉద్యోగి, ఆయనకు 52,000. పాప ఆరో తరగతి. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో మా పుట్టింటివారి కొబ్బరితోట పడిపోయాక నాన్నగారు నెలల తరబడి సరిగా మాట్లాడలేదు. ఆయన పక్కన కూర్చున్న ఆ రోజుల్లోనే ఈ పని మీద మనసు పడింది. ఇప్పుడు బెంగళూరులో గెస్టాల్ట్ థెరపీ అనే మానసిక చికిత్సా పద్ధతిలో నాలుగేళ్ల శిక్షణకు చేరాలనుకుంటున్నాను. ఏడాదికి ఫీజు 1.60 లక్షలు. నాలుగేళ్లదీ ఒకేసారి కడితే పది శాతం తగ్గిస్తామన్నారు. ఉద్యోగం మానేసి, ఆమదాలవలస రోడ్డులో ఉన్న 150 గజాల స్థలం అమ్మేయనా? 14 లక్షలకు బేరం వచ్చింది. లేకపోతే బంగారం కుదువ పెట్టడం మంచిదా? పాప సుకన్య సమృద్ధి ఖాతాలోంచి కొంత తీయవచ్చా? (పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పంపిన లెక్కల కాగితంలో ఖర్చు అని రాసిన చోట ఒకే ఒక్క అంకె ఉంది, 6.40 లక్షలు. అది ఫీజు మాత్రమే. మీరు జతచేసిన శిక్షణ సంస్థ కరపత్రాన్ని నేను రెండుసార్లు చదివాను. అసలు ఖర్చంతా మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అభ్యర్థి ఏడాదికి 40 గంటలు తానే క్లయింటుగా సొంత థెరపీ చేయించుకోవాలని, రెండో ఏడు నుంచి ఏడాదికి 24 గంటల సూపర్‌విజన్, అంటే క్లయింట్లతో తాను చేసే పనిని అనుభవజ్ఞులతో చర్చించి సరిదిద్దుకోవడం, తీసుకోవాలని, ఈ రెండింటి రుసుమూ వేరుగా కట్టుకోవాలని అక్కడ రాశారు.

ఇందులో మోసమేమీ లేదు. ఈ విద్య తీరే అంత. ఫ్రిట్జ్ పెర్ల్స్, ఆయన భార్య లారా, పాల్ గుడ్‌మన్ వంటివారు రూపుదిద్దిన గెస్టాల్ట్ థెరపీకి 1951లో వెలువడిన పుస్తకం పునాది అని మీకు నేను చెప్పనక్కరలేదు. గతాన్ని తవ్వి వివరించడం కన్నా, ఎదుట కూర్చున్న మనిషికి ఈ క్షణంలో ఏమనిపిస్తోందో, ఒంట్లో ఏం జరుగుతోందో తనకే తెలిసివచ్చేలా చేయడం ఈ పద్ధతికి ప్రధానం కనుక, నేర్పేవారు అభ్యర్థిని ముందు ఆ కుర్చీలో కూర్చోబెడతారు. పుస్తకాలు చదివి పరీక్ష రాస్తే వచ్చే విద్య కాదు కాబట్టి డబ్బు లెక్క కూడా డిగ్రీ ఫీజు లెక్కలా ఉండదు.

మీ కాగితం మీదే నేను లెక్క మళ్లీ వేశాను. ఫీజు 1,60,000. ఏడాదికి నాలుగుసార్లు ఐదేసి రోజుల తరగతులు కనుక, ఆమదాలవలసలో రైలెక్కి బెంగళూరు వెళ్లి రావడం, బస, భోజనం కలిపి విడతకు 12,000 చొప్పున 48,000. సొంత థెరపీ గంటకు 1,500 చొప్పున 60,000. పుస్తకాలు, ఇతరాలు 8,000. మొదటి ఏడాది మొత్తం 2,76,000. రెండో ఏడు నుంచి సూపర్‌విజన్ 36,000 కలిసి 3,12,000 అవుతుంది. నాలుగేళ్లకు 12.12 లక్షలు, అంటే మీరనుకున్నదానికి దాదాపు రెట్టింపు. ఇది కాక, 20 రోజుల సెలవుల్లో పది రోజులైనా జీతం కోతపడుతుందనుకుంటే ఏటా ఇంకో 11,000 వేసుకోండి.

అలాగైతే స్థలం అమ్మక తప్పదు కదా అని మీకు అనిపించవచ్చు. నా లెక్కలో అక్కరలేదు, కానీ దానికి రెండు షరతులున్నాయి.

మొదటిది, ఉద్యోగం మానకండి. మీ జీతం నాలుగేళ్లకు 16.32 లక్షలు. శిక్షణ ఖర్చంతా కలిపినా అంత లేదు. ఏడాదికి 20 రోజులు తప్ప మిగతా తరగతులన్నీ శనివారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లోనే అని కరపత్రం చెబుతున్నప్పుడు, ఉద్యోగం ఎందుకు వదలాలో నాకు అర్థం కాలేదు. ప్రిన్సిపాల్ గారికి ఏడాది తరగతుల తేదీలు ముందే ఇచ్చి, సెలవుల సంగతి కాగితం మీద ఒప్పించుకోండి.

ప్రాక్టీసు మొదలుపెడితే రోజుకు ఆరుగురు వస్తారని, మనిషికి 800 తీసుకుంటారని రాశారు. శ్రీకాకుళంలో, అందులోనూ మొదటి ఏడాది, ఆ అంచనా మీద నేను ఒక్క రూపాయి కూడా అప్పు చేయనివ్వను. వారానికి ఆరుగురు వచ్చారని, 500 ఇచ్చారని, ఏడాదిలో 46 వారాలు పనిచేశారని అనుకుందాం. 1,38,000 వస్తుంది. ఒక గది అద్దె నెలకు 4,000 చొప్పున 48,000 పోతుంది. సూపర్‌విజన్ శిక్షణ తర్వాత కూడా కొనసాగించడమే మంచి పద్ధతి కనుక అది 36,000. మిగిలేది 54,000, అంటే నెలకు 4,500. వారానికి పన్నెండు మంది, 600 చొప్పున అయ్యేసరికి ఇది నెలకు 20,600 అవుతుంది. అంతవరకు రావడానికి కొన్నేళ్లు పట్టవచ్చు. ఆ ఏళ్లలో ఇంటిని నిలబెట్టేది కళాశాల జీతమే.

రెండో షరతు, ఒక ఏడాది ఆగండి. కారణం మీ నెల ఖర్చుల పట్టికలోనే ఉంది. ఇంటి రుణం వాయిదా 17,500, అత్తగారి మందులతో సహా ఇంటి ఖర్చు 36,000, పాప బడి 5,000, సుకన్య 4,000, పీపీఎఫ్ 3,000, బీమా 2,500 కలిపి 68,000. ఇద్దరి జీతాలు 86,000 కనుక 18,000 మిగులుతోంది. పీపీఎఫ్‌లో ఏడాదికి కనీసం 500 రూపాయలు వేస్తే ఖాతా నడుస్తుంది, ఉన్న సొమ్ము మీద వడ్డీ వస్తూనే ఉంటుంది. నెలనెలా వేసే 3,000 కొంతకాలం ఆపితే మీ చేతిలో నెలకు 21,000, ఆ 500 పోను ఏడాదికి 2,51,500 ఉంటుంది. జీతం కోతతో కలిపి మొదటి ఏడాది కావలసింది 2,87,000 కనుక లోటు 35,500. తర్వాతి మూడేళ్లు ఏటా లోటు 71,500. నాలుగేళ్ల లోటు మొత్తం సరిగ్గా 2.50 లక్షలు. ఈ నెల నుంచే 21,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేసి వచ్చే ఏడాది చేరితే, ఆ ఒక్క ఏడాది పొదుపే మొత్తం లోటును పూడుస్తుంది. అప్పు లేదు, కుదువ లేదు, అమ్మకం లేదు. మీవారికి పెరిగే డీఏ, ఇంక్రిమెంట్లు నేను ఈ లెక్కలో వేయలేదు. నడిమధ్యలో ఫీజు పెరిగితే దానికి అవి ఉంటాయి.

ఆ ఏడాది వృథా పోదు. ఏదైనా చిన్న పరిచయ వర్క్‌షాపుకు వెళ్లి, క్లయింటుగా కొన్ని గంటలు కూర్చుని చూడండి. ఈ పద్ధతి మీకు నప్పకపోతే, 12 లక్షలు పెట్టాక తెలుసుకోవడం కన్నా పది పదిహేను వేలతో తెలుసుకోవడం నయం.

పది శాతం తగ్గింపు దగ్గర చాలామంది బోల్తాపడతారు, కాబట్టి కొంచెం ఓపికగా చూడండి. ముందే కడితే 6.40కి బదులు 5.76 లక్షలు కడతారు. మొదటి ఏడాది 1.60 ఎలాగూ ఇప్పుడే కట్టాలి. అంటే తర్వాతి మూడేళ్లలో కట్టవలసిన 4.80 లక్షలకు బదులుగా ఇవాళే 4.16 లక్షలు వారి చేతిలో పెడుతున్నారు. దీన్ని వడ్డీగా మారిస్తే ఏడాదికి సుమారు 7.5 శాతం పడుతుంది. బ్యాంకు డిపాజిట్ కంటే అది పెద్ద ఎక్కువేమీ కాదు. పైగా బ్యాంకులో వేసిన దానికి 5 లక్షల వరకు బీమా ఉంది, శిక్షణ సంస్థ చేతిలో పెట్టిన దానికి ఏమీ లేదు. మీరే మానేసినా, ఏడాది చివర మీరు ముందుకు సాగడానికి సిద్ధంగా లేరని వారే తేల్చినా, మిగిలిన ఫీజు తిరిగి ఇస్తారా అన్నదానికి కరపత్రంలో జవాబు లేదు. ఏ ఏటి ఫీజు ఆ ఏడే కట్టండి.

బంగారం విషయానికొస్తే, అసలూ వడ్డీ ఒకేసారి కట్టే కుదువ రుణాలకు గడువు సాధారణంగా ఏడాదే. మీ శిక్షణ నాలుగేళ్లు, తర్వాత సంపాదన నిలదొక్కుకునేందుకు ఇంకా సమయం. ఏటేటా తిరగరాయించుకుంటూ వడ్డీ కట్టడం తప్ప వస్తువు ఇంటికి రాదు. సుకన్య ఖాతాను పాప పదో తరగతి పాసయ్యేదాకా, లేదా 18 ఏళ్లు నిండేదాకా ముట్టుకోవడానికి వీల్లేదు. అప్పుడైనా తీసేది పాప చదువుకే, తల్లి చదువుకు కాదు. మీ కాగితంలో చూపిన 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీ ఇంటికి ఐదు నెలల ఖర్చు కూడా కాదు కనుక దాని జోలికి పోవద్దు. మరీ అవసరమైతే పీపీఎఫ్ ఉంది. 2016-17లో తెరిచారు కాబట్టి ఏడో ఏడు దాటింది, ఏడాదికి ఒకసారి కొంత తీసుకోవచ్చు. నాలుగేళ్ల కిందటి నిల్వలో సగం లెక్కన మీకు సుమారు 1.30 లక్షలు వస్తుంది. అయితే ఆ ఖాతా గడువు తీరే 2032 నాటికి పాప ఇంటర్ చదువుతూ ఉంటుందని గుర్తుంచుకుని తీయండి.

గుర్తింపు గురించి ఒక మాట, ఎందుకంటే అది కూడా డబ్బు విషయమే. ఈ ధ్రువపత్రం ఒక్కదానితో మీరు క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోలేరు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి అక్కడ నమోదు కావాలి. యూరప్ గుర్తింపు కూడా వస్తుందని ఎవరో చెప్పారన్నారు. యూరోపియన్ అసోసియేషన్ ఫర్ సైకోథెరపీ ఇచ్చే ధ్రువపత్రానికి కనీసం 3,200 గంటలు, ఏడేళ్లు కావాలి. అందులో నాలుగేళ్లు మాత్రమే ఎంచుకున్న పద్ధతిలో శిక్షణ. మీ నాలుగేళ్ల కోర్సు దానంతటదే ఆ లెక్కకు సరిపోదు. సంస్థను రాతపూర్వకంగా అడగండి: ఈ ధ్రువపత్రాన్ని ఎవరు గుర్తిస్తారు, ఫీజు వాపసు నియమం ఏమిటి, సొంత థెరపీ గంటలు ఊళ్లో ఉండి ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చా.

మీ కాగితాల్లో మీవారి మాట ఒక్కటీ నాకు కనిపించలేదు. గెస్టాల్ట్‌లో ఖాళీ కుర్చీ పద్ధతి ఉందని, ఎదుట లేని మనిషి ఆ కుర్చీలో ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడిస్తారని చదివాను. నా ఆఫీసులోనూ అలాంటి కుర్చీ ఒకటి తరచూ ఉంటుంది. భార్యాభర్తల్లో ఒకరే లెక్కలు పట్టుకొచ్చినప్పుడు రెండో కుర్చీలో లేని మనిషితోనే నాకు ఎక్కువ పని పడుతుంది. నెలకు 21,000 పక్కన పెట్టడమంటే ఐదేళ్లపాటు ఇద్దరూ బిగించుకోవలసిన ఖర్చు. ఈ పట్టిక ఆయన ముందు పెట్టి, ఆయన చేతే కూడించండి.

స్థలం కొంటామన్నవారి దగ్గర బయానా ఇంకా తీసుకోలేదని రాశారు. తీసుకోకముందే ఫోన్ చేసి వద్దని చెప్పేసి, దస్తావేజులు మళ్లీ బీరువాలో పెట్టేయండి.