రోజుకో ఊరు వద్దమ్మా

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన ప్రయాణం పట్టికా చూశాను. సముద్రతీరం వెంబడి రోజుకో ఊరు, ఊరికి నూనె రంగుల్లో రెండు బొమ్మలు, తిరిగొచ్చాక ప్రదర్శన. ఉత్సాహం బాగుంది గానీ పట్టిక నాకు నచ్చలేదు. ఇలా పరుగులు తీస్తే ప్రతి ఊళ్లోనూ నీ కంటికి ఆనేది ఒకటే: ఎండ, నీలం నీళ్లు, ఒడ్డున ఒరిగిన పడవ. ఇంటికొచ్చాక ఏ బొమ్మ ఎక్కడిదో నువ్వే చెప్పలేవు. ఉన్న రోజులన్నీ ఒక్క ఊళ్లోనే ఉండు. మరీ మనసొప్పకపోతే రెండు, అంతకు మించి వద్దు. అక్కడ కూడా కూర్చోవడానికి మూడు నాలుగు చోట్లు చూసుకుని, మళ్లీ మళ్లీ వాటి దగ్గరికే వెళ్లు.

విన్‌స్లో హోమర్ అనే చిత్రకారుడు 1881లో అమెరికా నుంచి వెళ్లి, ఇంగ్లండు ఈశాన్య తీరంలో కల్లర్‌కోట్స్ అనే చేపల పల్లెలో దిగాడు. 1882 దాకా అక్కడే ఉండిపోయాడు. అంతకు ముందు ఆయన వేసిన సముద్రం చాలావరకు సరదాగా గాలికి వచ్చినవాళ్ల సముద్రం. ఆ పల్లెలో ఉన్నాక బుట్టలు మోసే ఆడవాళ్లు, వలలు బాగుచేసే చేతులు, గాలివానలో పడవల కోసం ఒడ్డున నిలబడి ఎదురుచూసేవాళ్లు ఆయన బొమ్మల్లోకి వచ్చారు. స్టాన్‌హోప్ ఫోర్బ్స్ అనే చిత్రకారుడు 1884లో ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లోని న్యూలిన్‌కి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఒడ్డున చేపల అమ్మకం చూపించే పెద్ద కాన్వాస్‌ని నెలల తరబడి ఆరుబయటే నిలబెట్టి పూర్తి చేశాడు. అంత వ్యవధి నీకు లేదని నాకు తెలుసు. అయినా ఒకచోట కుదురుగా ఉన్నవాళ్లకే కనిపించే సంగతులు కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది ఆటుపోట్లు.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంచేత నిన్న వచ్చిన పోటు ఇవాళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వెలుతురు మాత్రం రోజూ తన వేళకే వస్తుంది. ఇక్కడే చిక్కు. ఉదయం ఏడింటికి ఆటు మీద ఉండి, తడి ఇసుక మెరుస్తోందని బొమ్మ మొదలుపెట్టావనుకో. మర్నాడు అదే వేళకు వెళ్తే కాస్త తేడాతో పని జరుగుతుంది. నాలుగో రోజుకు ఆ ఇసుక నీళ్లలో ఉంటుంది. ఆ వెలుతురూ ఆ నీటి మట్టమూ మళ్లీ ఒకేసారి కలవాలంటే రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఏ బొమ్మనైనా రెండు పూటల్లో అయిపోయేంత చిన్నదిగా పెట్టుకో. మూడో పూటకు బొమ్మ వేసే ఇంకో చిన్న పలక తీయి. బయల్దేరే ముందే ఆ ఊరి ఆటుపోట్ల వేళలు తెలుసుకుని, ఏ పూట ఏ చోటో రాసిపెట్టుకో. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎత్తుగా వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. అప్పుడు రాళ్ల మధ్యకు దిగి కూర్చునే ముందు వెనక్కి వచ్చే దారి చూసుకో. 1885 నవంబరులో ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే తమ దేశపు ఎత్రెతా తీరంలో కొండరాళ్ల కింద కూర్చుని, నీరు తీస్తోందనే ధీమాతో పనిలో మునిగిపోయాడు. నిజానికి పోటు ఎక్కుతోంది. ఒక పెద్ద అల ఆయన్ని రాతికేసి కొట్టి, బొమ్మ నిలబెట్టే ఈజిల్నీ కాన్వాస్‌నీ ఈడ్చుకుపోయింది. ఆయనకు ఆ తీరం కొత్తేమీ కాదు.

ఊరు కూడా ఆ నీటి వేళలకే కదులుతుంది. పడవ దిగడం, ఒడ్డెక్కడం, చేప అమ్మకం, వల ఆరవేయడం అన్నీ నీళ్లనూ గాలినీ బట్టే. నువ్వు పొద్దున పది గంటలకు తీరిగ్గా వెళ్తే ఖాళీ పడవలూ నిద్రపోతున్న కుక్కలూ తప్ప ఏమీ ఉండవు. నీ బొమ్మలో సముద్రం వేరు, ఊరు వేరు అయిపోతాయి. పడవలు వచ్చే వేళకు అక్కడ ఉండు, అది తెల్లవారుజామున మూడైనా సరే. చీకట్లో రంగు వేయలేవు. స్కెచ్ బుక్కులో పెన్సిల్‌తో మనుషుల వంపులు పట్టుకో. తాడు లాగేటప్పుడు వీపు ఎలా వెనక్కి వాలుతుందో, బరువు మోసే మనిషి మెడ ఎలా ఉంటుందో ఒకసారి గీశావంటే తర్వాత ఏ బొమ్మలోనైనా వాడుకోవచ్చు.

ఇక నీళ్ల సంగతి. కుంచె ముట్టుకోకుండా ముందు అరగంట ఊరికే చూడు. అలలు కదిలిపోతున్నాయి, ఎలా పట్టుకోను అని రాశావు. అల కదులుతుంది గానీ అల విరిగే చోటు అంతగా కదలదు. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గిన చోట అల విరుగుతుంది. అంటే నురగ గీత అడుగున ఇసుక మేట ఎక్కడుందో చెబుతోందన్నమాట. ఆ గీతను ముందు వేసుకో. తర్వాత ఒకే రకం అల పదేపదే వస్తుంటే దాని ఆకారం కంటికి అలవాటవుతుంది. అప్పుడు ఒక్కదాన్ని వేయి. ఫోటో తీసి అందులో ఆగిపోయిన అలను నకలు చేస్తే అది గాజుముక్కలా ఉంటుంది.

ఎండ నీకు ఎదురుగా, అల వెనక నుంచి వస్తున్నప్పుడు శిఖరం దగ్గర నీరు పలచబడి పచ్చగా వెలుగుతుంది. ఎండ నీ వీపున ఉంటే ఆ పచ్చదనం ఉండదు, లేనిదాన్ని అందం కోసం అతికించకు. నీడ వైపు నురగ తెల్లగా ఉండదు. చాలాసార్లు ఆకాశం కంటే ముదురుగా, కాస్త నీలి బూడిదరంగులో ఉంటుంది. తెల్లరంగు ట్యూబు మూత ఆఖర్న తీయి.

నీళ్లూ ఆకాశమూ కలిసే దిగంత రేఖ దగ్గర చాలామంది తడబడతారు. అది ఎప్పుడూ నీ కంటి ఎత్తులోనే ఉంటుంది. చదునైన ఒడ్డున నువ్వు నిలబడి చూస్తుంటే, నీ అంత ఎత్తున్న మనుషులు దగ్గరున్నా దూరమున్నా అందరి తలలూ ఆ గీత మీదికే వస్తాయి. చిన్న స్టూలు మీద కూర్చుంటే గీత కిందికి దిగి వాళ్ల నడుము పైన ఎక్కడో కోస్తుంది. ఉదయం నిలబడి మనుషుల్ని వేసి, మధ్యాహ్నం కూర్చుని సముద్రం వేస్తే ఆ మనుషులు గాలిలో తేలుతున్నట్టుంటారు. చూసేవాళ్లకు తప్పెక్కడో తెలియకపోయినా ఏదో తేడా ఉందని మాత్రం తెలుస్తుంది. ఇంకొకటి. గాలి ఉన్న రోజున దూరపు నీళ్లు వాటిని ఆనుకున్న ఆకాశం కంటే ముదురుగా కనిపిస్తాయి. మనకు కనిపించేవి మన వైపు వాలిన అలల ముఖాలు. అవి దిగంతం దగ్గరి లేత ఆకాశాన్ని వదిలేసి, ఇంకా పైనున్న ముదురు ఆకాశాన్ని చూపిస్తాయి. గాలి పూర్తిగా పడిపోతే ఆ తేడా పోయి, గీత ఎక్కడుందో కూడా తెలియదు.

రంగులు ఎక్కువ మోయకు. అల్ట్రామెరైన్, సెరూలియన్ అనే రెండు నీలాలు, బర్న్ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగు, యెల్లో ఆకర్ అనే పసుపు మట్టి రంగు, నీలం వైపు మొగ్గే ఒక చల్లని ఎరుపు, తెలుపు చాలు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెనా కలిపితే వచ్చే బూడిదరంగులతోనే సగం సముద్రం అయిపోతుంది. ఫ్తాలో బ్లూ అనే ఘాటు నీలం తీసుకెళ్తే జాగ్రత్త, చిటికెడు పడితే రంగులు కలిపే పాలెట్ అంతా దానిదే. టర్కాయిజ్ అని రాసి ఉన్న ట్యూబు మాత్రం కొనకు. దానితో వేసిన సముద్రాలన్నీ ఒకే హోటలు గోడ మీద ఉండాల్సినవి.

పలకలు 6×8 అంగుళాలవి, కొన్ని 9×12వి పెట్టుకో. ఒడ్డున గాలికి పెద్ద కాన్వాస్ తెరచాప అయిపోతుంది. ఈజిల్ మధ్య నుంచి నీళ్ల సీసా గానీ రాళ్ల సంచీ గానీ వేలాడదీయి. గొడుగు తెల్లదో బూడిదరంగుదో కావాలి. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే నీ రంగులన్నీ అబద్ధాలు చెబుతాయి. నల్లకళ్లద్దాలూ అంతే, టోపీ పెట్టుకో. విమానంలో వెళ్తున్నావు కాబట్టి రంగు పలచన చేసే టర్పెంటైన్ ఇక్కడి నుంచి మోయకు, ఎక్కనివ్వరు. ఇసుక ఎగిరొచ్చి తడి రంగు మీద పడితే కంగారుపడి తుడవకు, ఆరాక రాలుతుంది. రాలకపోయినా నష్టం లేదు. మోనే 1870లో ఫ్రాన్సులోని ట్రూవిల్ ఒడ్డున వేసిన బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని రంగులో ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి.

మనుషుల దగ్గర మాత్రం నిదానించు. మొదటి రోజు ఎవరి బొమ్మా వేయకు. పడవలు వేస్తూ కూర్చుంటే పిల్లలు వస్తారు, తర్వాత పెద్దవాళ్లు వస్తారు, పడవ బొమ్మ చూసి తప్పులు చెబుతారు. ఆ తప్పులు శ్రద్ధగా విను. పడవ ముక్కు ఎంత లేస్తుందో, తాడు ఏ కొక్కేనికి కడతారో వాళ్లకు తెలిసినంత ఏ డ్రాయింగ్ మాస్టారికీ తెలియదు. ముఖం గుర్తుపట్టేలా వేయాలంటే అడిగి వేయి. వద్దంటే వద్దు. చాటుగా ఫోటో తీసుకుని గదిలో వేసుకోవడం నాకు అసహ్యం. ఎవరినైనా కూర్చోబెట్టి పని మాన్పిస్తే ఆ పూట కూలి ఇవ్వు, లేదా ఆ స్కెచ్ వాళ్లకే ఇచ్చేయి.

ఊరిని కడిగి వేయకు కూడా. ఇప్పుడు వలలు నైలాన్‌వి, పచ్చగా నీలంగా ఉంటాయి. పడవలకు ఇంజన్లున్నాయి, చుట్టూ ప్లాస్టిక్ డబ్బాలు, టార్పాలిన్లు, ఫోన్ టవరు. అవన్నీ తీసేసి గడ్డి కప్పూ తెరచాపా పెడితే అది నువ్వు చూసిన ఊరు కాదు, ఎవరో వేసిన క్యాలెండరు చూసి వేసిన ఊరు. ఆ నీలం డబ్బా ఎండలో ఎంత గొప్ప రంగో ఒకసారి చూడు! బొమ్మలో ఎక్కడా దొరకని గట్టి నీలం అక్కడ దొరుకుతుంది.

పడవ నీడ నీళ్లలో వేసేటప్పుడు పడవను తలకిందులుగా నకలు చేయొద్దు. నీళ్లలో దాని కింది భాగం ఎక్కువ కనిపిస్తుంది, లోపలి బల్లలు అసలు కనిపించవు. తెల్లపడవ ప్రతిబింబం పడవకన్నా కాస్త ముదురు, నల్లపడవది కాస్త లేత.

ప్రతి పలక వెనకా తేదీ, వేళ, గాలి దిక్కు, ఆటో పోటో రాయి. మోనేకి ఆరుబయట బొమ్మలు వేయడం నేర్పిన యూజీన్ బూదాఁ సుద్దరంగులతో వేసిన తన ఆకాశాల పేస్టల్స్ మీద తేదీ, వేళ, గాలి రాసుకునేవాడు. తిరిగొచ్చాక అవన్నీ ఒకే గోడకు ఆనించి వారం రోజులు వదిలేయి. వాటిని మాత్రం దిద్దకు. ఒడ్డున తడబడి వేసిన గీతలో ఉన్న గాలి, గదిలో సరిచేస్తే పోతుంది. పెద్ద బొమ్మ కావాలనిపిస్తే నాలుగైదు పలకలు ముందు పెట్టుకుని వేరే కాన్వాస్ మీద వేయి.

ప్రదర్శన తేదీ గురించి అడిగావు. నూనె రంగు పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి చాలాకాలం పడుతుంది. మామూలుగా వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగుతారు. గ్యాలరీ వాళ్లు తొందరపెడితే వార్నిష్ లేకుండానే పెట్టు, ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పు. పలకల్ని మాత్రం అమ్మకానికి పెట్టకు. పెద్ద బొమ్మలన్నీ పూర్తయ్యేదాకా అవి నీ దగ్గరే ఉండాలి. తర్వాత అమ్మినా, వెనక రాసుకున్నది ముందు పుస్తకంలోకి ఎక్కించుకుని అమ్ము.

ఇట్లు,
పెదనాన్న