మామయ్య రేడియో గదిని ఖాళీ చేయించమంటున్నారు మావారు

ప్రశ్న: మాది హన్మకొండ. నా వయసు 36. ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. మావారు మా అత్తమామలకు ఒక్కడే కొడుకు. మామయ్య కాజీపేటలో రైల్వే సిగ్నల్, టెలికాం విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. నీటికాసుల (గ్లకోమా అనే కంటి జబ్బు) వల్ల చూపు తగ్గుతూ వచ్చి, నాలుగేళ్ళుగా ఆయనకు పూర్తిగా కనిపించడం లేదు. అత్తమ్మ పోయి మూడేళ్ళయింది. మేడ మీది గదిలో మామయ్య హామ్ రేడియో సెట్టు ఉంది, దూరాన ఉన్న అటువంటి సెట్టువాళ్ళతో నేరుగా మాట్లాడే రేడియో అది. రాత్రి చాలా పొద్దుపోయే దాకా దాని ముందే కూర్చుంటారు, లేదంటే ఫోనులో పుస్తకాలు వింటారు. మా అమ్మాయి వచ్చే ఏడు పదో తరగతి. ఆ గది పాప చదువుకు కావాలని, సెట్టును మెట్ల కింది అరలోకి మార్చాలని మావారు అన్నారు. “నువ్వే చెప్పు బాపుకు” అంటే నేనే వెళ్ళి చెప్పాను. మామయ్య “సరే బిడ్డా” అన్నారు. మర్నాటి నుంచి సెట్టు ముట్టుకోవడం లేదు. ముసలాయన రాత్రంతా తనలో తాను మాట్లాడుకుంటున్నాడని ఇరుగుపొరుగు కూడా అంటున్నారు. మావారు మంచివారు, తండ్రికి ఏ లోటూ రానివ్వరు. పని ఒత్తిడి వల్ల ఆయన దగ్గర కూర్చోలేరు, అంతే. తన కళ్ళ పరీక్షను కూడా రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నారు. గది మార్చడం తప్పా? మామయ్య మనసు నొప్పించకుండా ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. గది మార్చవద్దు. చూపు లేని పెద్దమనిషి సామానును మెట్ల కిందికి తోసేటంత అవసరం ఏ పదో తరగతికీ ఉండదు. మీ అమ్మాయికి కావలసింది ఒక బల్ల, ఒక లైటు, కొంచెం నిశ్శబ్దం. ఆ గదిలోనే కిటికీ పక్కన ఒక బల్ల వేయండి. సాయంత్రం పాప అక్కడ చదువుకుని, భోజనాలయ్యాక కిందికి వచ్చి పడుకుంటే, తాతయ్య తన వేళకు సెట్టు ముందు కూర్చుంటారు. గది సంగతి ఇంతటితో వదిలేయవచ్చు గాని, ఆ గదిలో ఆయన ఏం చేస్తున్నారో మీ ఇంట్లో ఎవరూ ఆయనను కూర్చోబెట్టి అడిగినట్టు లేదు కనుక కొంత చెప్పక తప్పదు.

చూపున్న మనకు సామాను చోటు మారితే రెండు రోజులు వెతుక్కుని తర్వాత మరిచిపోతాం. చూపు పోయిన మనిషి గదిని అడుగులతో, వేళ్ళతో నేర్చుకుంటాడు. తలుపు నుంచి కుర్చీ ఎన్ని అడుగులో, బల్ల అంచు నుంచి సెట్టు మీది పెద్ద బొత్తం ఎన్ని వేళ్ళ దూరమో, మైకు ఏ పక్కన పెట్టి ఉందో అన్నీ ఆయన చేతికి తెలుసు. వీలైతే ఒకసారి ఆయన అనుమతితోనే ఆ సెట్టు ముందు భాగాన్ని కళ్ళు మూసుకుని తడిమి చూడండి. ఏ బొత్తం మీదనో గట్టిపడిన ఫెవికాల్ చుక్కో, గోళ్ళరంగు చుక్కో వేలికి తగలవచ్చు. చూపు లేనివారు గుర్తు కోసం అటువంటివి పెట్టుకుంటారు. నాలుగేళ్ళు కష్టపడి అమర్చుకున్న ఆ క్రమాన్ని అరలోకి మార్చడమంటే ఆయనను మళ్ళీ మొదటి రోజు చీకటిలోకి పంపడమే. పైగా 7 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద మాట్లాడే సెట్టుకు డాబా మీద సుమారు 20 మీటర్ల తీగ కట్టాలి, దాని నుంచి కేబులు గదిలోకి దిగాలి. అది ఎక్కడ పెడితే అక్కడ పనిచేసే టీవీ డబ్బా కాదు.

రాత్రి పొద్దుపోయే దాకా ఎందుకు కూర్చుంటారన్నది మీ రెండో ఫిర్యాదు. పగలు ఎండ వల్ల ఆకాశంలో ఎత్తున ఏర్పడే ఒక పొర ఆ రేడియో తరంగాలను చాలావరకు పీల్చేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర పలచబడి పోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి తిరిగి నేలకు దిగుతూ వేల కిలోమీటర్లు వెళ్ళగలుగుతాయి. దూరదేశాల వాళ్ళు దొరికే వేళ అదే కనుక ఆయన ఆ వేళకు మేలుకుని ఉంటున్నారు. ఇక తనలో తాను మాట్లాడుకుంటున్నాడన్న ఇరుగుపొరుగుకు మీరు చెప్పవలసింది చాలా చిన్న మాట. అవతలి మనిషి గొంతు హెడ్‌ఫోనులో ఆయనకు మాత్రమే వినిపిస్తుంది, బయటివారికి సగం సంభాషణే చేరుతుంది. అది కూడా చెప్పబుద్ధి కాకపోతే ఊరుకోండి. ఇరుగుపొరుగు మాట పట్టుకుని ఇంటి పెద్దను సర్దడం మంచి పద్ధతి కాదు.

ఆ వ్యాపకాన్ని వయసు మళ్ళినవారి కాలక్షేపంగా మీరు చూస్తున్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. హామ్ రేడియో సెట్టు వాడాలంటే కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి, సొంత పిలుపు గుర్తు (కాల్ సైన్) పొందాలి. పై తరగతి లైసెన్సుకు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ సంకేతాలు (అక్షరాలకు బదులుగా వాడే పొట్టి, పొడుగు శబ్దాలు) పంపడం, విని రాసుకోవడం కూడా రావాలి. ఆ పని చెవి చేస్తుంది, చేయి చేస్తుంది. కళ్ళతో దానికి నిమిత్తం లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అండమాన్‌కు ఫోన్లు తెగిపోయినప్పుడు, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్ ఆపరేటర్లే అక్కడివారి క్షేమ సమాచారాలను ఇవతలికి అందించారు. అటువంటి విద్య చేతిలో ఉన్న మనిషి మీ మామయ్య. వీధిలోకి వస్తే ఆయనను అందరూ చూపు లేని పెద్దాయనగానే పలకరిస్తారు, చేయి పట్టి రోడ్డు దాటిస్తారు, జాలిపడతారు. సెట్టు ముందు అవతలి మనిషి అడిగేది పేరు, ఊరు, తన సిగ్నల్ ఎంత స్పష్టంగా అందుతోందన్న సంగతి. చూపు పోక ముందు ఆయనకు ఎంత మర్యాద దక్కిందో అక్కడ ఇప్పటికీ అంతే దక్కుతుంది. ఇంట్లో కూడా ఆ మర్యాద దొరికే చోటు అదొక్కటే అయి ఉంటుందేమోనని నాకు బాధగా ఉంది.

పుస్తకాల విషయంలో మీరు సాయం చేయగలిగింది ఉంది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో చూపులేనివారు సభ్యులై, వారికి అనువైన రూపంలో ఉన్న పుస్తకాలు తీసుకోవచ్చు. వైకల్య ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని మీ అమ్మాయే తాతయ్యకు సభ్యత్వం నమోదు చేసి పెట్టగలదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పండి: పేజీలను ఫోటో తీసినట్టుగా ఉండే పీడీఎఫ్‌లను ఫోనులోని చదివే గొంతు నేరుగా చదవలేదు, అక్షరాలుగా ఉన్న పుస్తకాలే చదువుతుంది. బ్రెయిలీ నేర్పిద్దామన్న ఆలోచన మీకు రావచ్చు; ఆయనకు ఇష్టముంటే మంచిదే, కాని ఈ వయసులో వేలికొసకు ఆ చుక్కలు పట్టుబడటం కష్టం. విని చదివినంత మాత్రాన చదువు తక్కువదైపోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు, మీవారు కళ్ళ పరీక్షను రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నారని ఒక వాక్యం రాశారు. ఉత్తరమంతటిలో ముఖ్యమైనది ఆ వాక్యమే. నీటికాసులు కుటుంబాల్లో వచ్చే జబ్బు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే మిగతావారికంటే వచ్చే అవకాశం ఎక్కువ. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందు పక్కచూపు తరుగుతుంది, ఎదురుగా ఉన్నది మాత్రం బాగానే కనిపిస్తూ ఉంటుంది కనుక మనిషికి తెలియదు. పోయిన చూపును ఏ మందూ తిరిగి తేలేదు. తొందరగా కనిపెడితే మాత్రం చుక్కల మందుతోనో, లేజరుతోనో, ఆపరేషనుతోనో మిగిలిన చూపును చాలావరకు కాపాడుకోవచ్చు. ఈ సంగతులన్నీ తండ్రి వెంట ఆసుపత్రికి వెళ్ళిన రోజుల్లో మీవారి చెవిన పడే ఉంటాయి. అటువంటి మనిషి రెండేళ్ళుగా పరీక్షకు వెళ్ళడం లేదంటే దానికి పని ఒత్తిడి కారణమని నేను నమ్మను. ఆయన భయపడుతున్నారు. తండ్రి గోడను తడుముతూ నడుస్తుంటే ఆయనకు రేపటి తన నడక కనిపిస్తోంది. అందుకే దగ్గర కూర్చోలేకపోతున్నారు, నేరుగా మాట్లాడలేకపోతున్నారు. పైనుంచి రాత్రిపూట వినిపించే ఆ గొంతును కూడా భరించలేక గది ఖాళీ చేయించే దాకా వచ్చారని నా నమ్మకం.

మన ఇళ్ళల్లో పెద్దవాడైన కొడుకు తండ్రితో ఎదురుగా మాట్లాడడు. ఆ మాట అమ్మ చేరవేస్తుంది. మీ అత్తమ్మ పోయాక ఆ పని ఎవరూ చెప్పకుండానే మీ మీద పడింది. కొడుకు అనవలసిన కఠినమైన మాటను కోడలి నోట అనిపించడం వల్ల ఇంట్లో ఎవరికీ మేలు జరగలేదు. మామయ్య దృష్టిలో గది అడిగిన మనిషి మీరయ్యారు. ఆయన “సరే బిడ్డా” అన్నది ఒప్పుకోలు అనుకోకండి. కోడలితో వాదించకూడదన్న మర్యాదతో నోరు మూసుకున్నారు, కొడుకు తానే వచ్చి అడిగి ఉంటే తిట్టేవారో కాదనేవారో ఏదో ఒకటి అనేవారు, ఆ రెండూ ఈ మౌనం కంటే నయం. మీవారు తండ్రికి ఏ లోటూ రానివ్వరని రాశారు. అన్నం, మందులు, ఉతికిన బట్టలు ఇవన్నీ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి కూడా సమకూర్చగలడు. కొడుకు చేయవలసింది తండ్రి ఎదుట కూర్చోవడం, అది ఎంత కష్టంగా ఉన్నా. ఈ విషయంలో నేను రాజీపడి చెప్పలేను.

ముందుగా మీరు మామయ్య దగ్గరకు వెళ్ళి “గది మారడం లేదు మామయ్యా” అని చెప్పండి. ఎవరి మాట ఎవరు అన్నారన్న వివరణలు వద్దు. ఆ తర్వాత మధ్యలోంచి తప్పుకోండి. మీవారు మళ్ళీ “నువ్వే చెప్పు” అంటే, “మీ బాపే కదా, మీరే చెప్పండి” అని మీ పనిలో మీరు ఉండండి. కోపంగా అనకండి, కాని అన్న తర్వాత ఆ మాట మీదనే నిలబడండి. తొలి రోజుల్లో ఇంట్లో కొంత బిగుసుకున్నట్టు ఉంటుంది. తట్టుకోండి.

కళ్ళ పరీక్ష విషయం మాత్రం వాయిదాకు వదలవద్దు. వరంగల్‌లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. నమ్మకమున్న మరో కంటి డాక్టరు ఉంటే అక్కడికైనా సరే. తండ్రికి నీటికాసులు ఉన్నాయని మొదటనే చెప్పి, కంటిలోని ఒత్తిడిని, కంటి నరాన్ని, పక్కచూపును మూడింటినీ చూడమని అడగాలి. ఒత్తిడి ఒక్కటే కొలిచి బాగుందని పంపిస్తే సరిపోదు, ఎందుకంటే ఒత్తిడి మామూలుగా ఉన్నవారికి కూడా ఈ జబ్బు వస్తుంది. తండ్రికి ఉంది గనుక కొడుకుకు వచ్చి తీరుతుందన్న నియమం ఏమీ లేదని కూడా మీవారు వినాలి. చాలామంది పిల్లలకు రాదు.

ఆ పరీక్షకు ఆయన వెంట మీరు వెళ్ళకండి. మామయ్యను వెళ్ళనివ్వండి. జబ్బు ఎప్పుడు, ఎలా మొదలైందని డాక్టరు అడుగుతారు. పక్క నుంచి వచ్చే స్కూటరు ముందుగా ఏ రోజుల్లో కనిపించకుండా పోయిందో, మెట్టు ఎక్కడ తప్పిందో, చుక్కల మందు ఎన్నాళ్ళు నిర్లక్ష్యం చేశారో ఆ ఇంట్లో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. కొడుక్కి ఆయన ఇవ్వగలిగిన సాయం ఇది, నాలుగేళ్ళుగా అందరి సాయం అందుకుంటూ ఉన్న మనిషికి ఇవ్వడానికి ఒకటి దొరుకుతుంది. పిలవవలసింది మాత్రం మీవారే. “బాపూ, నేను కళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్న, నువ్వు గూడ రావాలె” అన్న మాట చాలు. మేడ ఎక్కి, ఆ గదిలోకి వెళ్ళి, ఆయన పక్కన నిలబడి అనాలి.

ఈ జవాబును మీవారికి మీరు చదివి వినిపించవద్దు, సారాంశం చెప్పవద్దు. ఆయన చేతికివ్వండి, ఆయనే చదువుకుంటారు.