భీమవరంలో పెంచుతున్న మా ఇగువానా (పెద్ద బల్లి జాతి) వీపు హీట్ ల్యాంప్‌కి కాలింది. ఏం చేయాలి?

ముందు ల్యాంప్ తీసేయండి. కాలిన చోట మామూలు చల్లని నీళ్లు పది నిమిషాలు మెల్లగా పోయండి, ఐస్ వద్దు. పసుపు, టూత్‌పేస్ట్, వెన్న లాంటివి రాయకండి. మనం వాడే నొప్పి మాత్రలు అస్సలు ఇవ్వకండి, ప్రాణం మీదకి రావచ్చు. కింద ఇసుక, పొట్టు తీసేసి శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, ఈ రోజే పశువైద్యుడికి చూపించండి. కాలిన గాయం లోతు మొదట్లో తెలియదు, కొన్ని రోజులకు చర్మం నల్లబడి ఊడుతుంది. చిన్న గాయమే కదా అని ఆగడమే ఎక్కువమంది చేసే తప్పు. మానాక కూడా కుబుసం విడిచేటప్పుడు అక్కడ పాత చర్మం ఊడకుండా పట్టేయొచ్చు, గమనిస్తుండండి.

అసలు కారణం ఏమిటంటే, వేడి తగలగానే మనం చెయ్యి లాగేసినట్టు ఇవి చాలాసార్లు లాక్కోవు, కాలుతున్నా అక్కడే పడుకుంటాయి. అందుకే బల్బు బోను బయట, ఎక్కి అందుకోలేని ఎత్తులో ఉండాలి. థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) తప్పనిసరి. ఇగువానా వేడి కాచుకునే కొమ్మ మీద, వీపు ఎత్తులో కొలిస్తే 35 డిగ్రీల దగ్గర చాలు. మన డెల్టాలో మే నెల ఎండలకు గదే అంత వేడెక్కుతుంది, అప్పుడు హీట్ ల్యాంప్ ఆపేయండి. యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) మాత్రం మానకండి.